మొదటి బైక్ ఏది కొనాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో క్లచ్ సంరక్షణ గురించి రాశాక వచ్చిన ఉత్తరాలు క్లచ్‌ను పక్కనపెట్టి అసలు బండి కొనడం గురించే అడిగాయి. అందుకే ఈసారి పేజీలన్నీ కొత్తగా నేర్చుకునేవాళ్లకే.

ప్రశ్న: నా వయసు 19. సైకిల్ తప్ప ఇంకేమీ నడపలేదు. 390 సీసీ స్పోర్ట్స్ బైక్ మీద మనసు పడింది. "చిన్నది కొంటే ఆర్నెల్లకే మొహం మొత్తుతుంది, ఏకంగా పెద్దదే తీసేసుకో" అని స్నేహితులు అంటున్నారు. పెద్ద బండయినా నెమ్మదిగా నడిపితే సరిపోతుంది కదండీ?

జవాబు: నెమ్మదిగా నడపాలన్న ఉద్దేశం బుర్రలో ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పేది మణికట్టు. కొత్తలో ఈ రెండూ ఒకదాని మాట ఒకటి వినవు.

ఏం జరుగుతుందో చూడండి. ఫస్ట్ గేర్ వేశారు, క్లచ్ కాస్త తొందరగా వదిలారు. బండి ముందుకు ఉరికింది. ఒళ్లు వెనక్కి తూలింది. పడిపోతామేమోనని చేతులు హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకున్నాయి. ఒళ్లు వెనక్కి, చేయి ముందు ఉండిపోవడంతో మణికట్టు కిందకి వంగి, యాక్సిలరేటర్ ఇంకాస్త తిరిగింది. బండి ఇంకా ఉరికింది, ఒళ్లు ఇంకా వెనక్కి పోయింది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. 11 హార్స్‌పవర్ బండి మీద ఇదే తప్పు చేస్తే రెండు గజాలు దూకి ఇంజిన్ ఆగిపోతుంది, పక్కనున్నవాళ్లు నవ్వుతారు, అంతే. 43 హార్స్‌పవర్ బండి మీదయితే ఎదురుగా ఉన్న గోడ దగ్గరికి వెళ్లి గానీ ఆగదు.

సీసీ అంకె చూసి భయపడాల్సిన పని లేదు, ధైర్యపడాల్సిన పనీ లేదు. చూడాల్సింది బరువుకు ఎంత శక్తి ఉందన్నది. 120 కిలోల బండికి 11 హార్స్‌పవర్ అంటే కిలోకు 0.09. 170 కిలోల 390కి 43 అంటే కిలోకు 0.25, దాదాపు మూడు రెట్లు. లైసెన్సుల్ని మెట్లుగా విడగొట్టిన దేశాల్లో నిబంధనలు కూడా ఈ లెక్క మీదే నడుస్తాయి. యూరప్‌లో ఏ1 లైసెన్సుకు 125 సీసీ, 11 కిలోవాట్లు హద్దు. దాని పైమెట్టు ఏ2కి 35 కిలోవాట్లు, అంటే సుమారు 47 హార్స్‌పవర్. కిలో బరువుకు 0.2 కిలోవాట్ మించకూడదు. ఆస్ట్రేలియాలో నేర్చుకునేవాళ్లకు 660 సీసీ దాకా అనుమతి ఉంది గానీ టన్నుకు 150 కిలోవాట్ల హద్దు పెట్టారు. దాంతో కొన్ని పదునైన 250 సీసీ టూ-స్ట్రోక్ బళ్లు ఆ జాబితాలోకే రాలేదు.

మీ 390 ఏ2 హద్దులో ఇముడుతుందన్నది నిజమే. అయితే ఏ2 లైసెన్సు చేతికి రావాలంటే పార్కింగ్ స్థలంలో మెలికలు తిరగడం, గట్టిగా బ్రేకు వేయడం లాంటివి పరీక్షలో చేసి చూపించాలి. మీరు ఆ మెట్టు దగ్గరికి ఇంకా రాలేదు.

125 నుంచి 160 సీసీ, ఒకే సిలిండర్, 10 నుంచి 16 హార్స్‌పవర్, 150 కిలోల లోపు. మీకు మా సలహా ఇది. మొహం మొత్తుతుందన్న బెంగ ఉంటే రెండు మూడేళ్లు వాడినది కొనండి. మొదటి రెండేళ్లలో పడిపోయే ధర ముందటి యజమాని భరించేసి ఉంటాడు కాబట్టి ఏడాది తర్వాత అమ్మినా మీకు పెద్దగా నష్టం ఉండదు. చిన్న బండిని పూర్తిగా పిండుకుని నడపడం నేర్చినవాడికి పెద్ద బండి తేలిగ్గా వస్తుంది. పెద్ద బండిని సగం యాక్సిలరేటర్‌తో భయం భయంగా నడిపినవాడు మూడేళ్లయినా మలుపు సరిగ్గా తిరగలేడు.

ప్రశ్న: నేను 152 సెంటీమీటర్ల ఎత్తు. నచ్చిన బండి సీటు ఎత్తు 795 మిల్లీమీటర్లట. కూర్చుంటే రెండు కాళ్లవీ మునివేళ్లే ఆనుతున్నాయి. "వెనక షాకబ్జార్బర్ దించేస్తానమ్మా, సరిపోతుంది" అంటున్నాడు మెకానిక్. దించమనాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు మీ కాలి కొలత తీసుకోండి. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, ఒక లావాటి పుస్తకాన్ని రెండు కాళ్ల మధ్య పైకి ఆనేదాకా జరిపి, దాని పై అంచు దగ్గర గోడ మీద గీత పెట్టండి. నేల నుంచి ఆ గీత దాకా కొలిస్తే మీ లోపలి కాలి పొడవు వస్తుంది. సీటు ఎత్తును దీనితోనే పోల్చాలి, మొత్తం ఎత్తుతో కాదు. ఒకే ఎత్తున్న ఇద్దరికి కాళ్ల పొడవులో నాలుగైదు సెంటీమీటర్ల తేడా ఉండొచ్చు.

కాగితం మీది అంకె సగమే చెబుతుంది. రెండో సగం సీటు వెడల్పు. టాంకు దగ్గర సన్నగా ఉన్న సీటయితే కాళ్లు తిన్నగా కిందకి దిగుతాయి. వెడల్పుగా ఉంటే తొడలు పక్కకి విచ్చుకుని, అదే ఎత్తులో రెండు మూడు సెంటీమీటర్లు తగ్గిపోతాయి. అందుకే 780 ఉన్న వెడల్పు సీటు కంటే 800 ఉన్న సన్న సీటే కొందరికి అందుతుంది. మీ బరువుకు స్ప్రింగులు కొద్దిగా దిగుతాయి, బూటు అడుగు మరో రెండు సెంటీమీటర్లు కలుపుతుంది. కాబట్టి చెప్పులతో కాదు, రోజూ వేసుకునే బూట్లతో కూర్చుని చూడండి. ముందుకు జరిగి, టాంకుకు దగ్గరగా కూర్చోండి.

రెండు పాదాలూ పూర్తిగా ఆనాలన్న నియమం ఏమీ లేదు. ఎడమ పాదం పూర్తిగా ఆని, కుడి పాదం బ్రేకు మీద ఉంటే చాలు. సీటు మీద కొంచెం ఎడమకు జరిగితే ఇది కుదురుతుంది. రెండు వైపులా పాదాల ముందు భాగం, అంటే వేళ్ల మొదళ్లు ఆనినా నేర్చుకోవచ్చు. మునివేళ్ల చివర్లు మాత్రమే తగులుతుంటే మాత్రం నేర్చుకునే దశలో కష్టం. రోడ్డు కొంచెం వాలుగా ఉన్నా, కాలి కింద చిన్న గుంట వచ్చినా బండి అటే పోతుంది.

ఇక దించడం సంగతి. వెనక మాత్రమే దించితే ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట గొట్టాలు) మరింత వాలి, తిప్పడం మందకొడిగా మారుతుంది. సైడ్ స్టాండ్ పొడవు అలాగే ఉంటుంది కాబట్టి బండి దాని మీద దాదాపు నిటారుగా నిలబడి, చిన్న తోపుకే అటువైపు పడుతుంది. స్పీడ్ బ్రేకర్ మీద అడుగు తగులుతుంది. అన్నిటికంటే తేలికైన దారి సీటు లోపలి ఫోమ్ పక్కల్లో చెక్కించడం. టైలర్ పనితనం ఉన్న సీటు మనిషి 15 నుంచి 25 మిల్లీమీటర్లు తేలిగ్గా తగ్గిస్తాడు, మిగతా బండి జోలికి పోనక్కర్లేదు. అయినా అందకపోతే 760 నుంచి 780 మధ్య సీటున్న తేలిక బళ్లు చూడండి. మీ చెయ్యి క్లచ్ లీవర్‌కు అందుతోందో లేదో కూడా అక్కడే చూసుకోండి. చిన్న చేతులవాళ్లకు అసలు సమస్య చాలాసార్లు సీటు కాదు, దూరంగా ఉన్న లీవర్.

ప్రశ్న: ఆఫీసు 35 కిలోమీటర్లు, అందులో 25 హైవే. వారానికి రెండు రోజులు వెనక మా ఆవిడ కూడా ఉంటుంది. మైలేజీ కోసం 125 సీసీ తీసుకుందామంటే "హైవేకి ఆ బండి చాలదు" అంటున్నారు. బైక్ నాకు కొత్త.

జవాబు: వాళ్లు చెప్పిందే సరైనది. మొదటి బండి చిన్నదయితే మంచిదన్న మాటకు ఇలాంటి చోట మినహాయింపు ఇవ్వాలి.

గాలి ఒత్తిడిని తోసుకుపోవడానికి కావలసిన శక్తి వేగం × వేగం × వేగం లెక్కన పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళ్లడానికి గాలి మీద ఖర్చయ్యే శక్తి దాదాపు 2.4 రెట్లు అవుతుంది. 11 హార్స్‌పవర్ బండి ఇద్దరితో, ఎదురుగాలిలో 75 దగ్గరికి వచ్చేసరికి చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. అక్కడే ఓవర్‌టేక్ ప్రమాదకరం అవుతుంది.

60లో పోతున్న 12 మీటర్ల లారీని దాటాలనుకోండి. ముందూ వెనకా చెరో 15 మీటర్ల ఖాళీ, మీ బండి పొడవు కలిపితే 44 మీటర్లు ఎక్కువ కదలాలి. మీరు 80లో ఉంటే దానికి 8 సెకన్లు, ఆ లోపు మీరు పోయే దూరం 176 మీటర్లు. ఎదురుగా కూడా 80లో బండి వస్తుంటే రోడ్డు 350 మీటర్లు ఖాళీగా కనిపించాలి. మీ బండి 70 దాటడం లేదనుకోండి, 16 సెకన్లు పడుతుంది, ఖాళీ 660 మీటర్లు కావాలి. అంత ఖాళీ కనిపించే రోడ్డు రోజూ దొరకదు, దొరక్కపోయినా దాటేద్దామనిపిస్తుంది.

మీకు 150 నుంచి 160 సీసీ, 14 హార్స్‌పవర్‌కి అటూ ఇటూగా, ఐదు గేర్లు, ముందు డిస్క్‌తో ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా కాసే బ్రేకు ఏర్పాటు) ఉన్నది సరిపోతుంది. మైలేజీలో లీటరుకు కొన్ని కిలోమీటర్లు పోతాయి, ఒప్పుకోండి. మొదటి రెండు నెలలూ మాత్రం హైవే ఎక్కకండి. ఎక్కాక కూడా మీ ఆవిడని ఇంకో నెల ఆగమనండి. వెనక మనిషి కూర్చుంటే బ్రేకు వేసే దూరం, మలుపులో ఒరిగే తీరు, ఆగేటప్పుడు కాలు మోపే క్షణం, అన్నీ మారిపోతాయి. వెనక టైరు గాలి కూడా ఆ రోజున పెంచాలి. ఇద్దరికి ఎంతో చైన్ గార్డ్ మీదో, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో అంటించిన కాగితంలో వేరుగా రాసి ఉంటుంది.

ప్రశ్న: ఏబీఎస్ ఉన్న మోడల్‌కి ధర ఎక్కువ. "ముందు బ్రేకు ముట్టుకోకుండా వెనకది నొక్కితే ఏ గొడవా ఉండదు" అని మా బాబాయి చిన్నప్పటి నుంచీ చెబుతున్నాడు. నిజమేనా?

జవాబు: బాబాయి గారి మీద గౌరవంతోనే చెబుతున్నాం, ఆ సలహా మనుషుల్ని పడగొడుతుంది. బ్రేకు వేసిన మరుక్షణం బండి బరువు ముందుకు తూలుతుంది. వెనక చక్రం తేలికైపోయి, దానికి పట్టు తగ్గిపోతుంది. గట్టిగా ఆపేటప్పుడు పనిలో 70 శాతం దాకా ముందు బ్రేకుదే. వెనకది ఒక్కటే నొక్కితే బండి రెట్టింపు దూరం పోతుంది, చాలాసార్లు వెనక చక్రం ఆగి, పక్కకి జారుతుంది కూడా.

ముందు బ్రేకు మనిషిని ఎత్తి పారేస్తుందన్న భయం ఎక్కడి నుంచి వచ్చిందంటే, హఠాత్తుగా లాక్కోవడం నుంచి. లీవర్‌ను ఒక్క గుంజు గుంజితే బరువు ఇంకా ముందుకు రాకముందే చక్రం బిగుసుకుపోతుంది. నిమ్మకాయ పిండినట్టు, ముందు కొంచెం, ఆ తర్వాత బలంగా నొక్కాలి. అప్పుడు టైరు నేలకు అదుముకుంటుంది, అదుముకున్న టైరుకు పట్టు పెరుగుతుంది.

ఏబీఎస్ చేసేది ఆ గుంజుడు తప్పును కాయడం. చక్రం పక్కన పళ్లో కన్నాలో ఉన్న చిన్న రింగు, దాన్ని చదివే సెన్సార్ ఉంటాయి. చక్రం బిగుసుకోబోతోందని తెలియగానే బ్రేకు ఆయిల్ ఒత్తిడిని సెకనుకు అనేకసార్లు వదిలి పట్టుకుంటుంది. మీ వేళ్లకు లీవర్ కొట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది. భయపడి వదిలేయకూడదు, అలాగే పట్టి ఉంచాలి. మోటార్‌సైకిళ్ల మీద ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను అమ్మకానికి మొదట తెచ్చింది బీఎండబ్ల్యూ, 1988లో. ఇప్పుడది చిన్న బళ్లకూ వచ్చేసింది. మొదటి బండికి ఆ అదనపు ధర పెట్టండి, మిగతా హంగులు ఏవైనా వదులుకోండి.

సింగిల్ ఛానెల్ అని ఉంటే అది ముందు చక్రానికే. చాలామందికి చాలు. డ్యుయల్ అంటే రెండింటికీ. కంబైన్డ్ బ్రేకింగ్ అనేది వేరు సంగతి: వెనకది నొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది, అంతేగానీ చక్రం బిగుసుకోకుండా ఆపలేదు. మామూలు ఏబీఎస్ ఉన్నా ఒరిగి ఉన్న మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు కొట్టకండి. వదులు కంకర మీద ఏబీఎస్‌తో ఆగే దూరం కొంత పెరగొచ్చు.

ఒక లెక్క గుర్తుంచుకోండి. పొడి రోడ్డు మీద, కొత్తవాళ్లు వేసే ఓ మోస్తరు బ్రేకుతో, ప్రమాదాన్ని చూసి చెయ్యి కదిపే ఒక్క సెకను కూడా కలిపితే 30లో ఆగడానికి 14 మీటర్లు, 60లో 40 మీటర్లు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే ఏమేం చూడాలి? మెకానిక్‌ని వెంట తీసుకెళ్లే వీలు లేదు.

జవాబు: అమ్మేవాడికి ముందే చెప్పండి, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని. వెళ్లగానే ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే అనుమానించండి. చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందన్నదే అసలు పరీక్ష, వేడి మీద ఏ ఇంజినైనా పలుకుతుంది.

స్టార్ట్ చేసి సైలెన్సర్ వెనక నిలబడండి. మొదటి నిమిషంలో కొంచెం తెల్లటి ఆవిరి మామూలే. రాత్రంతా ఆగి ఉన్న బండి స్టార్ట్ అయిన క్షణంలో మాత్రమే నీలం పొగ వదిలితే వాల్వ్ సీళ్లు అరిగినట్టు. రేజు చేసిన ప్రతిసారీ నీలం వస్తే పిస్టన్ రింగులు, సిలిండర్ అరిగినట్టు. అది ఇంజిన్ విప్పే పని, ధర తగ్గించినా వదిలేయండి. నల్లటి పొగ వస్తే పెట్రోలు ఎక్కువ కాలుతోందనో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందనో అర్థం, అది చిన్న సంగతే. ఆయిల్ అద్దంలో పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే లోపలికి నీళ్లు వెళ్లాయి.

చైన్‌ను వెనక స్ప్రాకెట్ (పళ్ల చక్రం) చివర వేళ్లతో పట్టుకుని వెనక్కి లాగండి. సగం పన్ను బయటికి కనిపిస్తే చైన్ అయిపోయింది. పళ్లు ఒక పక్కకి కొక్కేల్లా వంగి ఉంటే మూడూ, అంటే చైన్, రెండు స్ప్రాకెట్లూ, ఒకేసారి మార్చాలి. ఒకటి మార్చి రెండు పాతవి ఉంచితే కొత్తది కూడా త్వరగా అరిగిపోతుంది.

ముందు బ్రేకు పట్టి హ్యాండిల్ మీద బరువు వేసి ఐదారుసార్లు నొక్కండి. ఫోర్క్ గొట్టాల మీద ఆయిల్ వలయం మిగిలితే సీళ్లు కారుతున్నాయి. సీళ్లు చవకే, గొట్టం మీద తుప్పు చుక్కలుంటే మాత్రం కొత్త సీళ్లూ కోసుకుపోతాయి.

తర్వాత మెయిన్ స్టాండ్ వేసి, వెనక ఎవరినైనా నొక్కమని ముందు చక్రం లేపండి. హ్యాండిల్‌ని ఒక్క వేలితో మెల్లగా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. సరిగ్గా మధ్యలోకి రాగానే చిన్న గుంటలో పడ్డట్టు ఆగుతోందా? కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, పోయింది. బండి తిన్నగా పోతున్నప్పుడు హ్యాండిల్ చిన్న చిన్న దిద్దుళ్లకు లొంగదు, కొత్తవాళ్లు అది తమ తప్పనుకుంటారు. అదే భంగిమలో ఫోర్క్ అడుగు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే టక్ టక్ మంటే వదులుగా ఉన్నట్టు.

పడ్డ బండిని పెయింటు దాస్తుంది, అంచులు దాచవు. క్లచ్, బ్రేకు లీవర్ల చివరి గుండ్రటి భాగం, ఫుట్ రెస్ట్ చివర, సైలెన్సర్ పక్క, ఇండికేటర్ కాడ చూడండి. అక్కడ గీతలుంటే నిలబడి ఉన్నప్పుడు పడిందని, దాంతో పెద్ద నష్టం లేదు. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ఫ్రేముకు తగిలి ఆగే చిన్న దిమ్మ ఉంటుంది. అది నలిగినా, విరిగినా, దాని చుట్టూ పెయింటు పగిలినా బండి గట్టిగా గుద్దుకుంది. బేరం అక్కడితో సరి.

టైరు పక్కన డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం. గాట్లు ఎంత బాగున్నా ఐదారేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి, తడిలో జారుతుంది. ధరలో రెండు టైర్లు తగ్గించి అడగండి.

మీటర్‌లో 9,000 కిలోమీటర్లు చూపిస్తుంటే గేర్ పెడల్ రబ్బరు, ఫుట్ రెస్ట్ రబ్బరు చూడండి. అవి నున్నగా అరిగిపోయి ఉంటే మీటర్ అబద్ధం చెబుతున్నట్టే. ఫ్రేము మీద చెక్కిన నంబరు, ఇంజిన్ నంబరు కాగితాలతో అక్షరం అక్షరం పోల్చండి. చెక్కిన చోట రుద్దిన గుర్తులున్నా, ఒక అంకె మిగతావాటికంటే వేరుగా ఉన్నా, అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి.

నడిపేటప్పుడు ఒకటే పరీక్ష. నాలుగో గేరులో 35 దగ్గర ఉండగా యాక్సిలరేటర్ ఒక్కసారిగా తెరవండి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి.

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. 195 కిలోల క్రూయిజర్ కొనాలని ఎన్నాళ్ల కోరికో. ఇప్పుడే మొదటిసారి నేర్చుకుంటున్నాను. నడుం నొప్పి కూడా ఉంది. బరువు ఎక్కువైతే బండి రోడ్డు మీద నిలకడగా ఉంటుందంటారు కదా?

జవాబు: పోతున్నప్పుడు ఉంటుంది. సమస్య పోతున్నప్పుడు కాదు, ఆగుతున్నప్పుడు.

సుమారు లెక్కలు చెబుతాం. 195 కిలోల బండి నిటారుగా ఉంటే దాన్ని పట్టుకోవడానికి ఒక వేలు చాలు. 5 డిగ్రీలు ఒరిగితే హ్యాండిల్ దగ్గర 9, 10 కిలోల బరువు మోసినట్టు. 20 డిగ్రీలు ఒరిగితే 37 కిలోలు, అదీ వంకరగా నిలబడి, ఒక కాలి మీద. 20 దాటాక ఎంత బలమున్నవాడికైనా దాన్ని నేల మీద మెల్లగా పడుకోబెట్టడమే గతి. అదే 140 కిలోల బండి 20 డిగ్రీల దగ్గర 26 కిలోలే. ఈ తేడాయే కొత్తవాళ్లకి బండి నిలుపుకోవడానికీ పడేసుకోవడానికీ మధ్య ఉన్న తేడా. నిండిన టాంకును కూడా మరిచిపోకండి, 13 లీటర్ల పెట్రోలు దాదాపు 10 కిలోలు, అదీ పైన.

నడుం విషయానికొస్తే, క్రూయిజర్‌లో పాదాలు ముందుకు చాపి ఉంటాయి. చూడ్డానికి సుఖంగా ఉంటుంది గానీ గుంట వచ్చినప్పుడు కాళ్ల మీద లేచే వీలుండదు, దెబ్బంతా వెన్ను కిందే పడుతుంది. పాదాలు తుంటి కింద ఉండే మామూలు నిటారు కూర్పున్న బండి మీద సీటు నుంచి రెండు అంగుళాలు లేస్తే చాలు, మోకాళ్లు ఆ దెబ్బ తీసుకుంటాయి. మీ డాక్టర్‌తో ఒక మాట మాట్లాడి, నిటారు బండి మీద ఏడాది గడిపి, తర్వాత క్రూయిజర్ వైపు వెళ్లండి.

మీరు మా మాట కాదని అదే తీసుకుంటారేమో కూడా! అలాగయితే పడ్డ బండిని లేపే పద్ధతి ముందు తెలుసుకోండి. ఇంజిన్ ఆపి, గేరులో ఉంచండి. కుడి పక్కకి పడితే సైడ్ స్టాండ్ ముందే దించండి. హ్యాండిల్‌ని నేలవైపు పూర్తిగా తిప్పండి. బండికి వీపు ఆనించి, సీటు అంచుకు తుంటి తగిలేలా మోకాళ్లు వంచి కూర్చోండి. ఒక చెయ్యి కింది హ్యాండిల్ గ్రిప్‌ను, మరో చెయ్యి వెనక గ్రాబ్ రైలును పట్టుకుని, నడుం వంచకుండా కాళ్లతో నెడుతూ చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి. నడుం నొప్పి ఉంది కాబట్టి మీరు ఒంటరిగా ఈ పని చేయకండి, ఇద్దరు పట్టండి.

ప్రశ్న: క్రాష్ గార్డ్ అవసరమా? అందంగా ఉండదని అన్నయ్య వద్దంటున్నాడు.

జవాబు: పెట్టించండి. మొదటి ఏడాదిలో నిలబడ్డ బండి ఒక్కసారైనా పడుతుంది. గార్డ్ ఉంటే లీవరు, ఇండికేటరు మిగులుతాయి, కాలు బండి కింద ఇరుక్కోదు. ఇంజిన్‌ను పట్టి ఉంచే బోల్టులకే బిగించేది చూడండి. సన్నటి క్లాంపులతో గొట్టానికి చుట్టేవి పడ్డప్పుడు తిరిగి ట్యాంకునే సొట్ట పెడతాయి.

ప్రశ్న: గేర్ల బైక్ ఎందుకు, ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుంటే ఏ తంటా ఉండదు కదా?

జవాబు: క్లచ్ తంటా ఉండదు, నిజమే. కానీ ఎలక్ట్రిక్ మోటారు కదిలిన క్షణం నుంచే పూర్తి బలం ఇస్తుంది, మొదటి జవాబులో చెప్పిన మణికట్టు తప్పుకు క్లచ్ నొక్కి ఆపే దారి కూడా ఉండదు. అతి తక్కువ పవర్ మోడ్‌లో మొదలుపెట్టండి, ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి చెయ్యి తీసేయండి. 10, 12 అంగుళాల చిన్న చక్రాలు గుంటలో లోతుగా దిగుతాయి. మీ దారిలో గుంటలెక్కువైతే 17 అంగుళాల చక్రాలున్న బైకే మేలు.

ప్రశ్న: బడ్జెట్ మొత్తం బండికే పోతోంది. హెల్మెట్ తర్వాత కొనొచ్చా?

జవాబు: బండి ఒక మెట్టు దిగండి, హెల్మెట్ ఇప్పుడే కొనండి. బుగ్గలు నొక్కుకుపోయి, మాట్లాడితే లోపలి చెంప పళ్లకు తగిలేంత బిగుతుగా ఉండాలి. నెల రోజుల్లో లోపలి స్పాంజి కొంత నొక్కుకుని వదులవుతుంది. పట్టీ బిగించి, వెనక నుంచి పైకి ఎత్తి ముందుకు తోయండి. తల నుంచి ఊడొస్తే అది మీ సైజు కాదు. నుదుటి మీద నొప్పి పుట్టే ఒక చుక్క ఉంటే ఆకారం మీ తలది కాదు, ఇంకో కంపెనీది చూడండి. ఒక్కసారి గట్టిగా తగిలిన హెల్మెట్‌ని, బయట గీత కూడా లేకపోయినా, మళ్లీ వాడకండి. లోపలి థర్మకోల్ పొర ఒక్కసారి నలగడానికే చేసింది. అందుకే సెకండ్ హ్యాండ్ హెల్మెట్ మాట ఎత్తొద్దు.

ప్రశ్న: టెస్ట్ రైడ్‌లో అరగంట ఇస్తామన్నారు. కొత్త బండి. ఏం చూసుకోవాలి? కొన్నాక మొదటి వారం ఎలా నడపాలి?

జవాబు: పికప్ చూడకండి, అది ఎలాగూ నచ్చుతుంది. నడక వేగం చూడండి. ఖాళీ స్థలంలో, సమతలం మీద ఫస్ట్ గేరులో, యాక్సిలరేటర్ అసలు ముట్టకుండా క్లచ్ మాత్రం వెంట్రుక వెంట్రుకగా వదలండి. బండి తనంతట తాను కదిలిందా, లేక వణికి ఆగిపోయిందా? కదిలే బండి కొత్తవాళ్లకు మంచి గురువు. తర్వాత హాఫ్ క్లచ్‌తో, వెనక బ్రేకు తేలిగ్గా పట్టి, 20 మీటర్లు కాలు కింద పెట్టకుండా ఎంత నెమ్మదిగా వెళ్లగలరో చూడండి. ఆ తర్వాత ఇంజిన్ ఆపి, బండి దిగి, తోసుకుంటూ ఒక గుండ్రం తిరిగి స్టాండ్ వేయండి. ఇక్కడే చెమట పడితే ఆ బండి మీది కాదు.

క్లచ్ లీవర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ ఆట, అంటే క్లచ్ పని మొదలయ్యే ముందు లీవర్ వదులుగా కదిలే దూరం, ఉండాలి. బొత్తిగా లేకపోతే క్లచ్ ఎప్పుడూ కొంత జారుతూనే ఉంటుంది. ఎక్కువైతే న్యూట్రల్ దొరకదు, గేరు పడేటప్పుడు గట్టిగా శబ్దం వస్తుంది. అద్దాల్లో మీ మోచేతులు కాక రోడ్డు కనిపించాలి. హెడ్‌లైట్ చీకటి పడ్డాక ఒకసారి చూడగలిగితే మంచిది.

కొన్నాక మొదటి 150 కిలోమీటర్లు టైర్ల గురించి జాగ్రత్త. కొత్త రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది, అది అరిగేదాకా తడిలో, మలుపుల్లో ఒరగకండి. బ్రేకు ప్యాడ్లు కూడా డిస్కుకి అతుక్కునేదాకా మెత్తగానే పడతాయి. ఇంజిన్‌ని 1,000 కిలోమీటర్ల దాకా ఒకే వేగంలో గంటల తరబడి లాగకండి. పూర్తిగా తెరవకండి, అలాగని టాప్ గేరులో 25లో గునుస్తూ కూడా పోకండి. మొదటి సర్వీసింగ్‌లో ఆయిల్, ఫిల్టర్ మార్పు తప్పించుకోకండి, లోపల అరిగిన సన్నటి లోహపు పొడి అంతా అందులోనే ఉంటుంది. చైన్ ఆట కింది వైపు మధ్యలో 25 నుంచి 35 మిల్లీమీటర్లు, మీ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే సరి. కొత్త చైన్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే ఎక్కువ సాగుతుంది, కాబట్టి మొదటి సర్వీసు దాకా ఆగకుండా వారానికోసారి స్కేలు పెట్టి చూడండి. టైర్ల గాలి పొద్దున్నే, బండి తీయకముందు కొట్టించండి. తిరిగొచ్చాక కొలిస్తే వేడికి రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి తగ్గించేశారంటే మర్నాటికి గాలి తక్కువైపోయి ఉంటుంది.